వెన్న గులాబీ ఎందుకు కారిపోయింది?

నల్లగొండ

చిరంజీవులు బుజ్జికి, చింటూకి తాత ఆశీస్సులు.

బుజ్జీ, మొన్న నీ పుట్టినరోజు నాడు కరెంటు పోయిన ఆ ముప్పావు గంట ఇంకా నా కళ్లముందే ఉంది. మే నెల మధ్యాహ్నం, అందులోనూ మన నల్లగొండ. కేకు మీది గులాబీలు ముందు తలలు వాల్చాయి. తర్వాత ఒకటి మెల్లగా జారి నీ పేరులో మొదటి అక్షరం మీద కూర్చుంది. అందరూ ఫోన్లు పట్టుకొని నవ్వుతుంటే నువ్వు మాత్రం నా చొక్కా గుంజి అడిగావు: "తాతా, నిజం పూలు ఎండకు వాడిపోతయి గదా, ఇవెందుకు కారిపోయినయ్?" ఆ గోలలో జవాబు చెప్పలేదు. మీరు బస్సెక్కి వెళ్లాక ఇల్లు బోసిపోయింది. కూర్చుని రాస్తున్నాను.

ముందుగా, కేకు చేసినాయన మీద కోపం పెట్టుకోకండి. "ఎండాకాలం మేడమ్, వెన్న పూలు ఆగవు" అని ఆయన చెప్పనే చెప్పాడు. అసలు వెన్నే కావాలని మీ అమ్మ పట్టుబట్టింది. తప్పెవరిదో నేను చెప్పను, మీ అమ్మ నా బిడ్డ.

మర్నాడు ఊరుకోలేక ఆ బేకరీకి పోయాను. పాపం, నేను గొడవకు వచ్చాననుకున్నాడు. చూడ్డానికి వచ్చానంటే వెనక గదిలో స్టూలు వేశాడు. పావు కిలో వెన్నకు అర కిలో పొడి చక్కెర. మిషన్లో గిలకొడుతుంటే గాలి చేరి, పసుపుపచ్చ వెన్న తెల్లబడుతూ పొంగింది. దాన్ని కోన్ కవర్లో నింపాడు. కవరు మొనకు చిన్న రేకు గొట్టం, నాజిల్ అంటారు. దాని మూతి కన్నీటి చుక్క ఆకారంలో ఉంది. లావు వైపు కిందికి, సన్న వైపు పైకి పెట్టి పిండుతాడు. అందుకే రేకు మొదలు గట్టిగా, అంచు పల్చగా వస్తుంది. ఇంకో చేతిలో ఒక మేకు. దాని తల రూపాయి బిళ్ల కంటే కాస్త వెడల్పు. తల మీద చిన్న కాగితం ముక్క అంటించి, ఆ కాగితం మీద పువ్వు కడతాడు.

మీకిది ఎట్లా అర్థం కావాలంటే, బతుకమ్మను తలుచుకోండి. అమ్మమ్మ తాంబాలంలో ఆకులు పరిచి, అంచు చుట్టూ గునుగు, దానిమీద తంగేడు పేరుస్తుంది. నడుమ తరిగిన ఆకులు కుక్కుతుంది. ఆ ఆకులు ఎవరికీ కనిపించవు కానీ అవి లేకపోతే బతుకమ్మ కూలిపోతుంది. వెన్న గులాబీకి కూడా ముందు నడుమ ఒక చిన్న గోపురం నిలబెడతారు. అమ్మమ్మ తాంబాలాన్ని తిప్పుకుంటూ పేర్చినట్టే, ఈయన ఎడమ చేతి వేళ్లు మేకును తిప్పుతూనే ఉంటాయి. మొదటి వరుసకు మూడు రేకులు, తర్వాత ఐదు, ఆపైన ఏడు. ఒక రేకు సగంలోంచి ఇంకో రేకు మొదలు. బతుకమ్మలో పైకి పోనుపోను వరుస చిన్నదవుతుంది, ఇక్కడ బయటికి రానురాను పెద్దదవుతుంది. కాబట్టి గులాబీని బోర్లించిన బతుకమ్మ అనుకోండి. మరి గౌరమ్మ ఎక్కడ? నడిమి మొగ్గే గౌరమ్మ అనుకుందాం... "గౌరమ్మను తీస్కపోయి కేకులో పెట్టినవా?" అని అమ్మమ్మ వంటింట్లోంచే అరుస్తోంది. ఇక ఈ పోలిక ఆపేస్తాను. ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి: బతుకమ్మ కూడా చివరికి నీళ్లలో కలిసేదే, దాన్ని చూసి ఎవరూ ఏడవరు.

ఇక వేడి సంగతి. మా చిన్నప్పుడు మా అమ్మ తెల్లవారకముందే సల్ల చిలికేది. ఎండాకాలం ఎంత చిలికినా వెన్న పడేది కాదు. అప్పుడు రంజన్లోంచి చల్లటి నీళ్లు ఒక చెంబెడు పోసేది. చలికాలం అయితే గోరువెచ్చటి నీళ్లు. ఎంత పోయాలో చిటికెన వేలు ముంచి చూసుకునేది. ఇంట్లో థర్మామీటర్ ఎక్కడిది?

ఒకసారి, ఒంటిపూట బడుల రోజులు, నేను వెన్నముద్దను మోదుగాకులో చుట్టి నిక్కరు జేబులో వేసుకొని బడికి పోయాను. ఇంటర్వెల్లో తిందామని ఆశ. లెక్కల పీరియడ్ నడుమ తొడ మీదుగా ఏదో వెచ్చగా కారింది. సరిగ్గా అప్పుడే సారు బోర్డు దగ్గరికి పిలిచారు. ఏం టెన్షనో చెప్పలేను. ఇంటికి వస్తుంటే ఒక కుక్క ఊరి దాకా నా వెంటే నడిచింది.

వెన్నలో కొవ్వు ఒక్కటే రకం కాదు. కొన్ని రకాలు తొందరగా కరుగుతాయి, కొన్ని మొండికేస్తాయి. అందుకే వెన్న మంచుగడ్డలా ఒక్కసారిగా నీరు కాదు. ఫ్రిజ్‌లో రాయిలా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర వంచినట్టు వంగుతుంది. 30 దాటితే పట్టు వదిలేస్తుంది, 35కు వచ్చేసరికి నూనె. మన ఒంటి వేడి 37. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయిందని నువ్వు మెచ్చుకున్నావు చూడు, బల్ల మీద కారిపోయింది కూడా అందుకే. నల్లగొండ మే నెల ఎండ 44 దాటిన రోజులున్నాయి. మీ అమ్మ చిన్నప్పటి కేకుల మీద డాల్డా గులాబీలుండేవి. అవి ఎండకు అంత తొందరగా లొంగేవి కావు కానీ, తింటే అంగిట్లో మైనంలా అంటుకునేవి.

బేకరీ ఆయనకు అరచేయి కూడా శత్రువే. రెండు పూలు కాగానే చేతిలో కవరు ఫ్రిజ్‌లో పడేసి ఇంకోటి తీశాడు. ఆ కొత్త కవరు మరీ చల్లగా ఉందేమో, రేకు అంచు చిరిగి రంపం పళ్లలా వచ్చింది. కవరును రెండు అరచేతుల మధ్య కాస్త నలిపి మళ్లీ పిండాడు. ఈసారి అంచు ఉల్లిపొర అంత పల్చగా లేచి, కొంచెం బయటికి వాలి, ఆగింది. ఎక్కడ ఆపాలో ఎట్లా తెలుస్తుందని అడిగితే, "మెరుపు వస్తే అయిపోయినట్టే సార్, నూనె మెరుపు. అది రాకముందే ఆపాలె" అన్నాడు. నాకు మా అమ్మ చిటికెన వేలు గుర్తొచ్చింది. ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

మీరే చూడండి. అమ్మనడిగి మూడు చిన్న వెన్న ముద్దలు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బల్ల మీద, ఒకటి చింటూ అరచేతిలో. గడియారం చూసి ఏది ఎప్పుడు మెరిసిందో రాసి పంపండి. చింటూ, మధ్యలో వెన్నను నాకెయ్యకు! దసరాకు వచ్చినప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని పూలు కాదు, తాంబాలం తిప్పే చేతిని చూడండి.

చింటూ, డిసెంబరులో నీ కేకు మీద నీలం పూలు కావాలన్నావట. వెన్నది పసుపు రంగు కదా. ఆర్డర్ ఇచ్చే ముందు నీ రంగుల డబ్బాలో పసుపూ నీలం ఒకసారి కలిపి చూడు.

మీ తాత