వెయ్యిన్ని ఇరవై నాలుగు యాంటెన్నాలు, లక్ష కోట్లు

మొన్న క్లాసు అయిపోయాక ఒక ఎమ్మెస్సీ పిల్లాడు తలుపు దగ్గర ఆపి అడిగాడు. "సార్, రీసెర్చికి లక్ష కోట్లు ఇస్తా ఉండారంట గదా, దాంట్లో మన తిరుపతికి ఎంతొస్తాది?"

వాడు పేపర్లో చదివింది నిజమే. 2025 జులై 1న కేంద్ర మంత్రివర్గం పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల పథకానికి లక్ష కోట్లు ఆమోదించింది. అయితే అందులో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలపు అప్పు. ల్యాబులో తొలి మెట్లు దాటి, పనిచేసే నమూనా దాకా వచ్చిన టెక్నాలజీలకే అది అందుతుంది. మా పిల్లాడి ఫెలోషిప్‌కు దాంతో సంబంధం లేదు. ఆ మాట చెప్తే వాడి మొహం చిన్నబోయింది. అందుకే ఈ వ్యాసం.

ఎంతొస్తుందనే లెక్క పక్కన పెడదాం. దేశ స్థూల ఉత్పత్తిలో మనం పరిశోధనకు పెడుతున్నది 0.64 శాతమే (2020-21 లెక్క) అనే వాక్యంతోనే ఈ సబ్జెక్టు మీద వచ్చే ప్రతి వ్యాసమూ మొదలవుతుంది. తక్కువే, కాదనను. కానీ నాకు ఇంకో ప్రశ్న ఇష్టం. ఇచ్చిన రూపాయలు ఒకదానికొకటి తోడవుతున్నాయా, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయా? దీనికోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. తిరుపతిలో చిత్తూరు బస్సెక్కి, చంద్రగిరి దాటాక గాదంకిలో దిగితే చాలు.

అక్కడ నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీలో 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల మీద వరసకు 32 చొప్పున 32 వరసల యాగీ యాంటెన్నాలు నిలబడి ఉంటాయి. మొత్తం 1024. దూరదర్శన్ రోజుల్లో మిద్దెల మీద చేపముల్లులా కనిపించిన యాంటెన్నా గుర్తుందా? ఇవీ ఆ కుటుంబమే, కాకపోతే నిటారుగా ఆకాశం వైపు చూస్తుంటాయి. దీన్ని ఎం.ఎస్.టి. (వాతావరణంలోని మూడు పొరల ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలు) రాడార్ అంటారు. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపి, మబ్బు కూడా లేని ఒట్టి గాలిలోని సుడుల నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో దాన్నుంచే లెక్క కడతారు. తరంగం పొడవు సుమారు 5.66 మీటర్లు. నిట్టనిలువుగా చూసినప్పుడు దానికి కనిపించేది అందులో సగం, అంటే 2.83 మీటర్ల సైజు గాలి అలలే.

(ఆ రాడారే మబ్బుల్ని చెదరగొట్టి వాన లేకుండా చేస్తోందని ఒకసారి బస్సులో ఒక పెద్దాయన నాతో చాలాసేపు వాదించాడు. "అది మబ్బును తోసేది కాదు పెద్దాయనా, ఒక కేక వేసి చెవి పెట్టుకుని వినేది" అన్నాను. ఆయన నమ్మలేదు. కేకకు కూడా కాకులు లేచిపోతాయి కదా అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది, తప్పే అయినా.)

ఇక అసలు విషయం. ఒక యాంటెన్నా ఇచ్చే తరంగం ఎత్తు 1 అనుకుందాం. 1024 తరంగాలూ ఒకే క్షణంలో శిఖరానికి చేరి, ఒకే క్షణంలో లోయలోకి దిగితే, ఎదురుగా దూరాన ఉన్న చోట మొత్తం ఎత్తు 1024. శక్తి ఎత్తుకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి 10,48,576. అలా కాకుండా ఒకటి లేస్తుంటే ఇంకోటి దిగుతూ, ఎవరి తాళం వారిదే అయితే? అప్పుడు ఎత్తు 1024కు వర్గమూలం, అంటే సుమారు 32. శక్తి 1024. అవే యాంటెన్నాలు, అదే కరెంటు బిల్లు, తేడా మాత్రం వెయ్యి రెట్లు! ఈ తాళాన్నే ఫేజు అంటాం. బ్రహ్మోత్సవాల ఎనిమిదో రోజు తిరుమలలో రథం మోకు పట్టుకున్నవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. గోవిందా అన్న కేకకు అందరూ ఒక్కసారి లాగితేనే రథం కదిలేది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు లాగితే చేతులు మండుతాయి, అంతే.

ఫేజు ఎంత తప్పితే ఎంత నష్టం? దీనికో చక్కటి సూత్రం ఉంది. యాంటెన్నాలు సగటున 57 డిగ్రీలు (ఒక రేడియన్) అటూ ఇటూ తప్పితే, ఎదురుగా అందే శక్తిలో మిగిలేది దాదాపు 37 శాతం. 53 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పూర్తి చుట్టు 19 నానోసెకన్లు కాబట్టి, 57 డిగ్రీలంటే మూడు నానోసెకన్లు. సెకనులో వంద కోట్లవ వంతులు మూడు తప్పినందుకు మూడింట రెండు వంతుల శక్తి ఎటో పోయింది.

ఇప్పుడు నా పిచ్చి లెక్క. బడ్జెట్ కూడా ఒక తరంగమే, దాని చుట్టు ఒక సంవత్సరం. 365 రోజుల్లో 57 డిగ్రీలంటే 58 రోజులు. పరికరానికి డబ్బు, దాన్ని నడిపే టెక్నీషియన్ పోస్టు, స్కాలర్ ఫెలోషిప్, ల్యాబుకు త్రీ ఫేజ్ కరెంటు, ఇవన్నీ రెండేసి నెలలు అటూ ఇటూ వచ్చాయనుకోండి, మూడో వంతు ఫలితమే మిగులుతుంది. ఆరు నెలలు తప్పితే 180 డిగ్రీలు, పూర్తిగా ఎదురుతాళం. ఇది కొలిచిన సంగతి కాదు, పోలికే. కానీ నా పీహెచ్‌డీ రోజుల్లో ఫెలోషిప్ ఏడు నెలలు ఆలస్యంగా వచ్చింది. అదే సంవత్సరం మార్చి 29న "రెండు రోజుల్లో ఏదో ఒకటి కొనండి, లేకపోతే డబ్బు వెనక్కి పోతుంది" అన్నారు. తరంగాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ కొన్నాం. దాన్ని వాడాల్సిన మిత్రుడు ఫెలోషిప్ కోసం చూసి చూసి, అప్పటికే బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయాడు. పెట్టె విప్పడానికి మనిషి లేడు. పెళ్లికి, గృహప్రవేశానికి, చివరికి స్కూటర్ కొనడానికి కూడా ముహూర్తం చూసే మనకు పరిశోధనకు ఉన్న ఏకైక ముహూర్తం మార్చి నెలాఖరు. ఆర్థిక శాఖకూ ఈ జబ్బు తెలుసు. చివరి మూడు నెలల్లో బడ్జెట్లో 33 శాతానికి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు పెట్టకూడదని నిబంధన పెట్టింది.

తాళం కుదిరిన సందర్భాలూ ఉన్నాయి. ఈ గాదంకి రాడారే అలా వచ్చింది. అంతరిక్ష శాఖ ముందు నిలబడగా, ఎలక్ట్రానిక్స్, పర్యావరణం, శాస్త్ర సాంకేతిక శాఖలు, సి.ఎస్.ఐ.ఆర్., డి.ఆర్.డి.ఓ. కూడా చేయి కలిపాయి. ఆరు జేబుల డబ్బు ఒకే పొలంలో పడింది. 1984లో మన సొంత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తయారుచేయడానికి ప్రభుత్వం సి-డాట్ అనే సంస్థ పెట్టినప్పుడు 36 కోట్లు, 36 నెలలు అన్నారు. డబ్బు, కుర్ర ఇంజనీర్లు, గడువు, ఫోన్ లేని పల్లెల అవసరం, నాలుగూ ఒకేసారి శిఖరానికి వచ్చాయి. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో 128 లైన్ల పల్లె ఎక్స్ఛేంజీ మోగింది. ఏసీ గది అక్కర్లేకుండా మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునే పెట్టె. నగరాల కోసం అనుకున్న పెద్ద ఎక్స్ఛేంజీ మాత్రం గడువుకు రాలేదు.

మరి అందరి తాళమూ కలిపేస్తే సరిపోతుందా? ఇక్కడే చాలామంది మేష్టార్లు పాఠం ఆపేస్తారు, నాకు కోపం వచ్చేదీ ఇక్కడే. ఆ వెయ్యి రెట్ల శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే పుట్టలేదు. మిగతా ఆకాశానికి పోవాల్సింది లాక్కొచ్చి ఒక్క దిక్కున పోశాం. గాదంకి కిరణం వెడల్పు మూడు డిగ్రీల లోపే. ఆ మూడు డిగ్రీల బయట ఏం జరిగినా దానికి పట్టదు.

జపాన్ 1982లో అయిదో తరం కంప్యూటర్ అని పదేళ్ల పథకం మొదలుపెట్టింది. ప్రభుత్వం, పెద్ద కంపెనీలు అన్నీ అద్భుతంగా ఒకే ఫేజులో ఉన్నాయి. తర్కంతో ఆలోచించే ప్రత్యేక యంత్రాలు కట్టారు, అవి పనిచేశాయి కూడా. కానీ ఆ పదేళ్లలో పక్క ఆకాశంలో మామూలు మైక్రోప్రాసెసర్లు చవగ్గా, వేగంగా పెరిగిపోయాయి. కిరణం అటు లేదు.

ఈ ఇబ్బందికి రాడార్ చేసే ఉపాయం చూడండి. ఒక్క యాంటెన్నాను కూడా కదపకుండా, పక్కపక్క వరసల మధ్య ఫేజును కొద్దికొద్దిగా జరుపుతూ పోతే కిరణం వాలుతుంది. కాసేపు నడినెత్తికి, తర్వాత తూర్పుకు, పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి. దీనికి కావలసిందల్లా అన్ని యాంటెన్నాలకూ చేరి తాళం చెప్పే ఒకే క్లాక్ సిగ్నల్. అమెరికా 1991లో హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ చట్టంతో చేసింది దాదాపు ఇదే. సైన్స్ ఫౌండేషన్, రక్షణ, ఇంధనం, నాసా, ఎవరి డబ్బు వారి దగ్గరే. కానీ కంప్యూటర్లు, నెట్‌వర్కుల పరిశోధనకు ఎవరు దేనికి ఎంత పెడుతున్నారో ఏటా బడ్జెట్‌తో పాటు ఒకే పుస్తకంలో అచ్చవుతుంది. ఆ పుస్తకమే క్లాక్. పక్కవాడి అంకె కనిపిస్తే మన అంకె సర్దుకోవచ్చు. పైగా ఈ రంగంలో చుట్టు పెద్దది. ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్‌లో తొలి సందేశం 1969లో వెళ్తే, ఇంటర్నెట్ మామూలు జనం చేతికి వచ్చింది తొంభైలలో. మన పథకాలేమో అయిదేళ్లవి.

మనకు కొత్త క్లాక్ కాబోయేది, పరిశోధనకు డబ్బిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ అని ఆశ. 2023లో చట్టం చేసి అయిదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం వాటా 14,000 కోట్లు, మిగతాది బయటి నుంచి రావాలి. ఆ బయటివాళ్లు ఏ తాళంలో వస్తారన్నది నా అనుమానం. అంతకుముందు 2018లో సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ (కంప్యూటర్లతో నడిచే యంత్రాలు, పరికరాలు) మిషన్‌కు 3,660 కోట్లు ఇచ్చి దేశమంతా 25 హబ్బులు పెట్టారు. ఒకటి మన ఏర్పేడు ఐఐటీలోనే ఉంది. స్థాన నిర్ధారణ, అంటే వస్తువు ఎక్కడుందో కచ్చితంగా చెప్పే టెక్నాలజీ, దాని విషయం. అదీ ఫేజు వ్యవహారమే: ఉపగ్రహ గడియారం ఒక నానోసెకను తప్పితే దూరంలో 30 సెంటీమీటర్ల తేడా.

గాదంకిలో మొదట 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు ఉండేవి, ఒక్కోటి 32 యాంటెన్నాలకు. ఒకటి మొరాయిస్తే 32 యాంటెన్నాలు మూగబోయి, ఎదురుగా అందే శక్తిలో ఆరు శాతం పోయేది. తర్వాత 1024కూ వేటికవే ట్రాన్సిస్టర్లతో నడిచే చిన్న ట్రాన్స్‌మిటర్లు బిగించారు. ఇప్పుడు ఒకటి చెడితే పోయేది 0.2 శాతం.

మా పిల్లాడికి బోర్డు మీద ఇదంతా గీసి చూపించాను. కాసేపు లెక్క చూసి, "అయితే సార్, 25 హబ్బులంటే ఆ 32 ట్రాన్స్‌మిటర్ల పాత పద్ధతే గదా. మన కాలేజీ ఎన్నో యాంటెన్నా?" అన్నాడు.

"యాంటెన్నా ఎప్పుడో నాటారు. క్లాక్ వైరే ఇంకా ఇక్కడి దాకా లాగలేదురా" అన్నాను.