ఇంజిన్ లోపల మిల్లీమీటరు ఎంత పొడవు?

డల్లస్ దగ్గర ఉండే మా పిన్ని కొడుకు ఈ మధ్య ఫోన్ చేశాడు. అతని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న షెవర్లే సిల్వరాడో పికప్ ట్రక్ ఉంది. 5.3 లీటర్ల వి8 ఇంజిన్. లక్షా నలభై వేల మైళ్లు తిరిగింది, స్పార్క్ ప్లగ్‌లు (రెండు లోహపు కొనల మధ్య ఖాళీలో, అంటే గ్యాప్‌లో, మెరుపు పుట్టించి పెట్రోలును అంటించేవి) మాత్రం ఎవరూ మార్చలేదు. "నిలబెట్టినప్పుడు ఇంజిన్ బాగానే ఉంటుందన్నా. ట్రైలర్ కట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కితే మాత్రం వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటోంది. కొత్త ప్లగ్‌ల గ్యాప్ 0.040 అంగుళాలు ఉందో లేదో చూసి బిగించమంటున్నారు. అంటే ఒక్క మిల్లీమీటరు! అందులో వెంట్రుకవాసి తేడా వస్తే ఏమవుతుంది?"

చాలా మంచి ప్రశ్న. ఇంజిన్ లోపల మిల్లీమీటరు మిల్లీమీటరుగా ఉండదు. అదే ఈ కథంతా.

పొట్టేలు ఢీకొట్టే ముందు ఏం చేస్తుంది? నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. పరుగెత్తడానికి చోటు లేకపోతే దాని దెబ్బకు బలం ఉండదు. గాలిలో ఎలక్ట్రాన్ కూడా అంతే. ప్లగ్ కొనల మధ్య వోల్టేజీ పెరిగేకొద్దీ ఆ ఎలక్ట్రాన్‌ను లాగే బలం పెరుగుతుంది. కానీ దారి నిండా గాలి అణువులే. ఒక అణువును గుద్దుకుని మళ్లీ ఇంకోదాన్ని గుద్దుకునేలోపు ఎంత పరుగు దొరికితే అంత ఊపు. నైట్రోజన్ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే 15.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, ఆక్సిజన్‌కైతే సుమారు 12. అంత ఊపు అందితే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇరవై సార్లు రెట్టింపయ్యేసరికి పది లక్షలు దాటుతాయి. మనకు కనిపించే మెరుపు అప్పుడు పుడుతుంది.

ఇప్పుడు ఆ పొట్టేలును పదింతలు కిక్కిరిసిన దొడ్డిలో వదలండి. పరుగు పదో వంతే దొరుకుతుంది. అదే దెబ్బ కొట్టాలంటే పదింతలు గట్టిగా లాగాలి. పిస్టన్ చేసేది సరిగ్గా ఇదే. ఈ ఇంజిన్‌లో గాలిని సుమారు పదో వంతు చోటులోకి నొక్కుతుంది. పీడనం ఇరవై రెట్లు దాటుతుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ అందులో సగం వేడి వల్ల వచ్చింది. పొట్టేలుకు అడ్డం వచ్చేది వేడి కాదు, గుంపు. లెక్కలోకి తీసుకోవలసింది సాంద్రత. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో చెప్పిన నియమం ఇదే: స్పార్క్‌కు కావలసిన వోల్టేజీ విడిగా దూరాన్ని బట్టో, విడిగా పీడనాన్ని బట్టో కాదు, ఆ రెండింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. వేడి మారనంతవరకు పీడనమన్నా, సాంద్రతన్నా లెక్క ఒకటే. క్లాసులో 'గాలికి మిల్లీమీటరుకు 3,000 వోల్టులు' అని బట్టీ పట్టించి వదిలేస్తారు. ఏ గాలికి అన్నది చెప్పరు. ఆ ఒక్క ముక్క చెబితే పిల్లలకు ఇంజిన్ సగం అర్థమయ్యేది.

కాబట్టి పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు లోపలి 1 మిల్లీమీటరు గ్యాప్, బయటి గాలిలో 10 మిల్లీమీటర్లతో సమానం. అంటే దాదాపు 30,000 వోల్టులు. పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్ వెలుగుతుంది, ఎలక్ట్రోడు (ప్లగ్ లోహపు కొన) వేడిగా, అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి నిజానికి ఇంతకన్నా తక్కువతోనే పని జరుగుతుంది. అరిగిన ప్లగ్‌లో ఆ వెసులుబాటు కూడా పోతుంది. గ్యాప్ 1.5 మిల్లీమీటర్లు అయిందనుకోండి, బయటి లెక్కలో అది సెంటీమీటరున్నర! పైగా అంచులు గుండ్రబడతాయి. అదే ఇంజిన్ నిలబడి తిరుగుతున్నప్పుడు గాలి దారిని అదుపు చేసే థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, గాలి మూడో వంతే లోపలికి వస్తుంది. అప్పుడు అరిగిన ప్లగ్ కూడా నెగ్గుకొస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే వణుకు ఎందుకో తెలిసిందా? గాలిని ఇంకా ఒత్తిగా నింపే టర్బో ఇంజిన్లకు గ్యాప్ ఇంకా తక్కువ పెట్టమనేది కూడా ఇందుకే.

మా నాన్న స్కూటర్ మొరాయిస్తే ప్లగ్ విప్పి, ఎమ్రీ పేపర్‌తో గీకి, హాక్సా బ్లేడుతో గ్యాప్ చూసి, ఇంజిన్‌కు ఆనించి కిక్ కొట్టేవారు. నీలం మెరుపు వస్తే "ప్లగ్ మంచిదే" అనేవారు. ఆ మెరుపు బయటి గాలిలో వచ్చింది. పొట్టేలు ఖాళీ మైదానంలో గెలిచింది, అంతే. దొడ్డిలో ఏం చేస్తుందో ఆ పరీక్ష చెప్పదు. ప్లగ్‌కు నాలుగు కొమ్ములు (బయటి ఎలక్ట్రోడ్లు) ఉంటే నాలుగు స్పార్క్‌లు వస్తాయన్నదీ నమ్మకమే. ఒక్కసారికి ఒక్కటే వస్తుంది. కొత్త బండితో నిమ్మకాయలు తొక్కించడంలో నాకు అభ్యంతరం లేదు, అది మనసుకు ధైర్యం. కానీ వణుకు మొదలయ్యాక దిష్టి తీయిస్తూ కూర్చుంటే కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

మరి గ్యాప్ ఇంకా తగ్గించేస్తే? స్పార్క్ తేలిగ్గా వస్తుంది, కానీ పుట్టిన చిన్న మంటను చుట్టూ ఉన్న చల్లటి లోహం పీల్చి చంపేస్తుంది. అందుకే ఆ 0.040.

అరుగుదల ఎందుకంటారా? నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో ప్లగ్ 1,000 సార్లు వెలుగుతుంది. గంటకు 60 మైళ్ల వేగంలో మైలుకు 1,000. లక్ష మైళ్లకు పది కోట్ల మెరుపులు! అందుకే 2,400 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగని ఇరిడియం కొన.

మా తమ్ముడికి చెప్పింది కొద్దే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక విప్పు, ప్లగ్‌లు బిగించే హెడ్ అల్యూమినియం, వేడిమీద మరలు పోతాయి. ముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదెయ్. గ్యాప్‌ను తీగ గేజ్‌తో కొలిచి చూడు. నాణెం లాంటి గేజ్‌ను దూర్చి తిప్పితే సన్నటి ఇరిడియం కొన విరుగుతుంది. సరిచేయాల్సి వస్తే బయటి కొమ్మునే వంచు. మొదటి చుట్లు చేత్తోనే తిప్పు, చివర ఎంత గట్టిగా బిగించాలో చూపే టార్క్ రెంచ్.

ఆదివారం పాత ప్లగ్‌లు ఎనిమిదీ వరుసగా పెట్టి ఫొటో పంపాడు. ఏడోదాని తెల్లటి పింగాణీ మీద, పైనుంచి కిందికి, పెన్సిల్‌తో గీసినట్టు ఒక నల్లటి గీత. కరెంటు స్తంభం మీది పింగాణీకి గాడులు పెట్టేది కరెంటుకు పైనుంచి జారే దారి పొడవు చేయడానికే. ప్లగ్‌కూ గాడులున్నాయి. అయినా సెంటీమీటరున్నరతో సమానమైన ఆ లోపలి గ్యాప్ దాటడం కన్నా బయట అంత దూరం పాకి పోవడమే ఆ స్పార్క్‌కు తేలికైంది.