మూడు వేల మాటల నోటుబుక్కు: కల్పిత భాషలపై అపోహలు, వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి ఆదివారం ఉదయం వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక లాంగ్ నోటుబుక్కు ఉంటుంది. వారంలో ఆరు రోజులు నేను కళాశాలలో భాషాశాస్త్రం బోధిస్తాను. ఏడో రోజున నవలల కోసమో, లఘుచిత్రాల కోసమో, కేవలం సరదా కోసమో కొత్త భాష కల్పించుకునేవారికి చేతనైన సాయం చేస్తాను. 2015లో బాహుబలి చిత్రంలోని కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి భాషను రూపొందించిన తర్వాత ఈ రాకపోకలు బాగా పెరిగాయి. వచ్చినవారు కూర్చోగానే అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఎన్ని మాటలుంటే భాష పూర్తయినట్టండీ?" దీనికి విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ విసిగి, ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: చాలినన్ని మాటలు పుట్టిస్తే భాష తయారవుతుంది.

పోయిన వేసవిలో విజయవాడ పటమట నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. ఏడాదిన్నరగా రాత్రిళ్ళు కూర్చుని మూడు వేల మాటలు పుట్టించి, వాటిని అకారాది క్రమంలో ఎర్ర సిరాతోనూ, అర్థాలను నీలి సిరాతోనూ రాసుకున్నాడు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చట వేసింది. "నాకు జ్వరం వచ్చింది" అన్న వాక్యాన్ని నీ భాషలో చెప్పు బాబూ అన్నాను. అతడు పేజీలు తిరగేసి "నేను"కు ఒక మాట, "కలిగి ఉండు"కు ఒక మాట, "జ్వరం"కు ఒక మాట వరుసగా పేర్చాడు. మీ అమ్మగారు ఎప్పుడైనా "నేను జ్వరాన్ని కలిగి ఉన్నాను" అన్నారా అని అడిగితే ముందు నవ్వాడు, తర్వాత మౌనంగా ఉండిపోయాడు. "ఇది మా ఇల్లు" అన్నదాన్ని అడిగితే, తెలుగులో అవసరమే లేని "ఇజ్" అతని భాషలో నడుమ వచ్చి కూర్చుంది. మనం, మేము రెండింటికీ ఒకటే మాట ఉంది.

జరిగిందేమిటంటే, అతడు ఒక ఇంగ్లీషు నిఘంటువులోని మాటలను వరుసగా తీసుకుని, ఒక్కొక్కదాని పక్కన ఒక్కొక్క కొత్త శబ్దం రాశాడు. ఆ పద్ధతిలో శబ్దాలు మారతాయి గాని, ఏ అర్థాన్ని దేనితో కలిపి చెప్పాలి, దేన్ని విడగొట్టి చెప్పాలి, దేన్ని చెప్పకుండానే వదిలేయవచ్చు అన్నవి యథాతథంగా ఇంగ్లీషువే మిగిలిపోతాయి. తెలుగు ఇంట పుట్టిన కుర్రవాడు ఏడాదిన్నర కష్టపడి, తెలుగులో ఉన్న మనం-మేము భేదం కూడా లేని ఒక ఇంగ్లీషును తయారు చేశాడు.

చిన్నప్పుడు పెద్దవాళ్ళకు అర్థం కాకూడదని మనమంతా "క భాష" మాట్లాడుకున్నవాళ్ళమే. "నువ్వు రావద్దు" అనడానికి "కనుకవ్వు కరాకవకద్దు" అనేవాళ్ళం. అందులో ప్రతి అక్షరానికీ ముందు "క" చేరింది గాని, క్రియ తెలుగుదే, వ్యతిరేకార్థం తెలుగుదే, పదక్రమం తెలుగుదే. దాన్ని మరో భాష అని ఎవరూ అనరు. మూడు వేల మాటల నోటుబుక్కు కూడా క భాషకు పెద్దన్నయ్య మాత్రమే.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా చూడండి. "బస్సు లేటయింది, డ్రైవరు హారన్ కొట్టాడు" అన్న వాక్యంలో క్రియారూపాలు తప్ప మిగతా సరకంతా ఇంగ్లీషుదే, అయినా అది నిక్షేపమైన తెలుగు. పాపువా న్యూగినీలో మాట్లాడే టోక్ పిసిన్ భాషలో మాటలు ఎక్కువ భాగం ఇంగ్లీషు నుంచి వచ్చినవే. అక్కడివాళ్ళు మాత్రం ఇంగ్లీషు "యు", "మి" మాటలను కలిపి, వినేవాడిని కూడా కలుపుకొనే "యుమి" చేసుకున్నారు. వినేవాడిని వదిలేసే "మిపెలా"ను వేరుగా ఉంచుకున్నారు. అంటే అరువు తెచ్చుకున్న మాటలతోనే మన మనం, మేము కట్టుకున్నారన్నమాట.

కాబట్టి భాష కల్పించేవాడు ముందు తేల్చుకోవలసినది, తన భాషలో ఒక వాక్యం దేన్ని చెప్పి తీరాలి అన్న సంగతి. ఇందుకు దూరం పోనక్కరలేదు. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, గేదె వచ్చింది, బస్సు వచ్చింది అంటాం. ఏకవచనంలో సీత గేదెతోనూ బస్సుతోనూ చేరింది. అదే బహువచనంలో మగవాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళు వచ్చారు, గేదెలు వచ్చాయి, బస్సులు వచ్చాయి అంటాం. సీత ఇప్పుడు మనుషుల జట్టులోకి మారిపోయింది. (ఈ అన్యాయం గురించి మా తరగతిలో అమ్మాయిలు ప్రతి ఏటా నాతో తగవు పడతారు, నేను చేసిన నియమం కాదమ్మా అని తప్పించుకుంటాను.) రాను, రావు, రాడు, రారు అన్నప్పుడు వ్యతిరేకార్థం క్రియలోనే ఇమిడిపోతుంది. ఫిన్నిష్ భాషలోనైతే "కాదు" అన్న మాటే ఒక క్రియలా పురుషను బట్టి మారుతుంది. "వాడు వచ్చాడు" అన్నదానికి చివర ఒక్క "ట" చేర్చి "వచ్చాడట" అంటే, నేను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను అని పూచీ తప్పించుకున్నట్టే. టర్కిష్‌లో ఇలాంటి పని కొంతవరకు "మిష్" ప్రత్యయం చేస్తుంది. అమెజాన్ ప్రాంతంలోని తుయుకా భాషలో, కళ్ళారా చూశానా, చెవితో విన్నానా, ఆనవాళ్ళను బట్టి ఊహించానా, ఒకరు చెబితే తెలిసిందా, అలా జరిగి ఉండాలనుకుంటున్నానా అన్న ఐదింటిలో ఏదో ఒకటి క్రియలో తేలిపోవాలి. ఆ కుర్రవాడి నోటుబుక్కులో ఇలాంటి నిర్ణయం ఒక్కటి ఉన్నా, మాటలు ముప్ఫై ఉంటే చాలని అనేవాణ్ణి.

మరి ఎన్ని మాటలు కావాలి? 2001లో సోన్యా లాంగ్ వెలువరించిన టోకి పోనా భాష సుమారు 120 మాటలతో నడుస్తుంది. జామెన్‌హాఫ్ 1887లో వార్సాలో తాను కల్పించిన ఎస్పెరాంటో భాష కోసం అచ్చువేసిన పుస్తకంలో 16 నియమాలు, సుమారు 900 ధాతువులు ఉన్నాయి. "బోనా" అంటే మంచి. ముందు "మల్" చేర్చి "మల్‌బోనా" అంటే చెడ్డ. ఆ ఒక్క ఉపసర్గ ఎన్నో వ్యతిరేకపదాలను విడిగా పుట్టించే పని తప్పించింది.

అపోహ: నోరు తిరగని శబ్దాలుంటేనే కొత్త భాషలా వినిపిస్తుంది.

ఈ తప్పు నేనే చేశాను కాబట్టి ఎవరినీ ఆక్షేపించను. నేను మొదటిసారి డబ్బులకు చేసిన భాషలో మాటలన్నీ రెండు మూడు హల్లులతో ముగిసేవి; కాగితం మీద భలే కర్కశంగా కనిపించాయి. తీరా చిత్రీకరణ రోజున మన నటులు ప్రతి మాట చివరా ఒక "ఉ" చేర్చి పలికారు. బస్‌ను బస్సు, రోడ్‌ను రోడ్డు చేసిన నోళ్ళు నా భాషను వదులుతాయా? సంభాషణ అంతా పక్క ఊరి తెలుగులా వినిపించింది. ఆ బృందం సగం సొమ్మే ఇచ్చి, తర్వాత ఫోను ఎత్తడం మానేసింది. ఇప్పుడు పలికేవాళ్ళు ఎవరో తెలుసుకున్నాకే ధ్వనులు ఎంచుతున్నాను.

పదక్రమం సంగతీ ఇంతే. స్టార్ ట్రెక్ సినిమాల్లోని గ్రహాంతరవాసుల కోసం క్లింగాన్ భాషను చేసిన మార్క్ ఒక్రాండ్, మనుషుల భాషల్లో అరుదైన కర్మ-క్రియ-కర్త క్రమాన్ని కావాలనే తీసుకున్నాడు. అయితే బ్రెజిల్‌లోని హిష్కర్యానా భాషలోనూ సహజంగా ఆ క్రమమే ఉంది. మన కర్త-కర్మ-క్రియ క్రమం వింతేమీ కాదు. ప్రపంచ భాషల లక్షణాలను పటాలుగా కూర్చిన సర్వేల్లో అన్నిటికంటే ఎక్కువ భాషల్లో కనిపించేది అదే.

అపోహ: ముందు లిపి తయారు చేయాలి.

లిపి భాషకు తొడుగు. అందంగా ఉంటే సంతోషం, లేకపోయినా నష్టం లేదు. కంప్యూటర్లలో ఏ లిపికి ఏ సంకేతమో నిర్ణయించే యూనికోడ్ సంస్థ క్లింగాన్ లిపిని 2001లో తిరస్కరించింది, అయినా ఆ భాష మాట్లాడేవాళ్ళు మానలేదు.

అపోహ: తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది, సంస్కృతం కంప్యూటర్లకు అత్యుత్తమ భాష అని నాసా తేల్చింది, తెలుగు పలికితే 72,000 నాడులు ఉత్తేజితమవుతాయి.

వీటిని నాకు వాట్సాప్‌లో పంపడం దయచేసి మానండి. నాసా మాట వెనుక ఉన్నది 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఒక పత్రికలో రాసిన వ్యాసం. సంస్కృత శాస్త్రకారులు వాక్యార్థాన్ని విశ్లేషించిన తీరు కృత్రిమ మేధకు పనికివస్తుందని ఆయన వాదించాడు; ఏ సంస్థా ఏ తీర్పూ ఇవ్వలేదు. నాడుల లెక్క ఎవరు లెక్కించారో చెప్పినవాడు ఇంతవరకు నాకు తగలలేదు. తెలుగులో సంస్కృత పదాలు కొల్లలుగా ఉన్నాయన్నది నిజం, కాని పైన బస్సు, డ్రైవరు విషయంలో చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానివని ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చూపించాడు. ద్రావిడ భాషల వ్యాకరణాలను పోల్చిన కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది దానికి నలభై ఏళ్ళ తర్వాత. కన్నడంలో కివి అయితే మనకు చెవి, అక్కడ కెరె అయితే ఇక్కడ చెరువు. ఇ, ఎ లకు ముందున్న పాత "క" మన దగ్గర "చ"గా మారింది, అదీ ఒక మాటలో కాక వరుసగా. భాషలు కల్పించేవారికి దీనంత మంచి పాఠం లేదు: ఒక పాత భాషను ఊహించుకుని, ఇలాంటి మార్పులు రెండు మూడు దాని మీద నడిపిస్తే, అక్కాచెల్లెళ్ళలాంటి రెండు భాషలు చేతికి వస్తాయి.

అపోహ: పిల్లలు సొంత భాష రాసుకుంటున్నారంటే మనసులో ఏదో తేడా ఉన్నట్టు.

లక్ష్మీపురం నుంచి ఒక తల్లి, పన్నెండేళ్ళ కూతురి పుస్తకాన్ని చీర కొంగులో దాచుకుని తెచ్చింది. బంధువులెవరో అది పిచ్చికి మొదలు అన్నారట. ఆమెకు రెండు నెలలుగా నిద్ర లేదు. పాప బడిలో స్నేహితులతో మాట్లాడుతోందా, తింటోందా, ఆడుతోందా అని అడిగాను, అన్నిటికీ అవునంది. అలాంటప్పుడు అది ఆటే. పిల్ల నలుగురితో మాట్లాడటమే మానేసిందంటే వైద్యుడికి చూపించాల్సిందే, కాని దానికి నింద ఆ పుస్తకం మీద వేయకూడదు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ నవల రాసిన టోల్కీన్ చిన్నతనంలో దగ్గరి బంధువుల పిల్లలతో కలిసి భాషలు కల్పించుకుని ఆడుకున్నాడు. జామెన్‌హాఫ్ 1878లో, పందొమ్మిదేళ్ళు నిండేసరికే, తన భాష తొలి రూపానికి తోటి విద్యార్థులతో కలిసి వేడుక చేశాడు. అమ్మాయి పుస్తకం చూశాను. మనుషులకు ఒక బహువచనం, పిల్లులకు ఒక బహువచనం, మిగతా అన్నిటికీ మరొకటి పెట్టుకుంది. పటమట కుర్రవాడి మూడు వేల మాటల్లో లేనిది ఈ పాప పుస్తకం నాలుగో పేజీలోనే ఉంది.

ఇకపై ఆదివారం వచ్చేవారు నోటుబుక్కు ఇంట్లో ఉంచి, ఈ వాక్యాలను తమ భాషలో రాసుకుని రండి: నాకు జ్వరం వచ్చింది. ఇది మా ఇల్లు. మనం వెళ్దాం, వాళ్ళు రారు. పాలు పొంగిపోయాయి. నిన్న వాన పడిందట. అన్నం తిని పడుకున్నాడు. ఉదయం పదింటి లోపు వస్తే తీరిగ్గా కూర్చుని చూడవచ్చు.