అడంగల్లో మామిడి తోట, అమెరికాలో గ్రహాంతరవాసులు

అబ్బయ్యా, అమ్మణ్ణీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మిద్దె మీద పడుకుని మీరిద్దరూ అర్ధరాత్రి దాకా పోట్లాడుకున్నారు. "అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది గ్రహాంతరవాసులు ఉన్నారని, ఇంకేం రుజువు కావాల" అని అబ్బయ్య, "ప్రభుత్వాలు చెప్పేవన్నీ అబద్ధాలే" అని అమ్మణ్ణి. తెల్లారగానే మీ నాయన తొందరపెట్టి ఒంగోలు బస్సెక్కించేశాడు, నేను చెప్పాలనుకున్నది చెప్పకుండానే పోయింది.

నేను ముప్పై ఏళ్లు సర్వేయరుగా చేశాను. ప్రభుత్వ కాగితమంటే నాకు గౌరవం. దాన్ని గుడ్డిగా నమ్మి చెడినవాళ్లనీ చూశాను. ఒక ఊళ్లో అడంగల్లో, అంటే ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే ఊరి లెక్కల పుస్తకంలో, రెండెకరాల మామిడి తోట అని రాసుంది. పొలం కొలిచే చైను పట్టుకుని పోతే అక్కడ తోటా లేదు పాడూ లేదు, అంతా తుమ్మచెట్లు, ఒక మూల సగం విరిగిన సర్వే రాయి. మొదట రాసినాయన మోసగాడేం కాదు. ఎవరో చెప్తే రాసుకున్నాడు, తర్వాత వచ్చినవాళ్లు పొలం గట్టు ఎక్కకుండా ఏటేటా అదే ఎక్కించుకుంటూ పోయారు. అప్పటి నుంచి ఏ కాగితం చూసినా నేను అడిగేది ఒకటే, దీన్ని మొదట కళ్లతో చూసి రాసిందెవరు అని.

ఇప్పుడు అబ్బయ్య చెప్పిన సాక్ష్యం చూద్దాం. 2023 జూలై 26న అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు డేవిడ్ గ్రష్ అనే మాజీ వైమానిక దళ ఇంటెలిజెన్స్ అధికారి ప్రమాణం చేసి చెప్పాడు, కూలిపోయిన వాహనాల్ని ప్రభుత్వం దశాబ్దాలుగా దాచిపెట్టిందనీ, వాటితో పాటు మనుషులవి కాని జీవ అవశేషాలు కూడా దొరికాయనీ. వినగానే ఒళ్లు జలదరించే మాటే. కానీ అదే సభలో ఆయనే ఇంకోటి కూడా చెప్పాడు, నాలుగేళ్లలో నలభై మందికి పైగా తనకు చెప్పినదాని మీద ఈ మాట అంటున్నానని. ఆయన అబద్ధమాడాడని నేననను. ప్రమాణం చేసినంత మాత్రాన విన్నది కన్నది అయిపోదు, అంతే.

ఆ రోజే పక్కన కూర్చున్న డేవిడ్ ఫ్రేవర్ సంగతి వేరు. ఆయన యుద్ధ విమానం నడిపినవాడు. 2004లో కాలిఫోర్నియా తీరానికి దూరంగా సముద్రం మీద, రెక్కల్లేని తెల్లటి బిళ్ల లాంటి వస్తువును స్వయంగా చూశానన్నాడు. ఇది కన్నవాడి మాట, దీన్ని తీసి పారెయ్యడానికి లేదు. అయితే ఆయన చూశానన్నది ఒక వింత వస్తువును. దాంట్లో ఎవరున్నారో ఆయన చూడలేదు.

2020 ఏప్రిల్‌లో పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, అధికారికంగా విడుదల చేసిన మూడు వీడియోల్లో ఒకదాని పేరు గోఫాస్ట్. సముద్రం మీద ఒక చుక్క బాణంలా దూసుకుపోతున్నట్టు ఉంటుంది. నాసా పెట్టిన నిపుణుల బృందం 2023 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో దాన్ని లెక్కగట్టారు. తెర మీద కనిపించే కోణాలు, దూరం, విమానం ఎత్తు తీసుకుని మామూలు త్రికోణమితి వేశారు. ఆ వస్తువు నీళ్లకి ఆనుకుని లేదు, దాదాపు 13,000 అడుగుల ఎత్తులో ఉంది, దాని వేగం గంటకు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు. గాలికి కొట్టుకుపోయే వస్తువుకి ఆ మాత్రం వేగం ఉంటుంది. మరి అంత వేగం ఎట్లా కనపడింది? నెల్లూరు నుంచి కావలి పోయే రైలు కిటికీలో చూడండి, దగ్గరి కరెంటు స్తంభాలు వెనక్కి పరిగెత్తుతుంటాయి, దూరాన తాటిచెట్లు నింపాదిగా జరుగుతుంటాయి. స్తంభం కదల్లేదు, కదిలింది మీరు. ఆ వీడియోలో పరిగెత్తింది కూడా ఎక్కువగా కెమెరా ఉన్న విమానమే. పదో తరగతి లెక్కలతో తేలే సంగతి ఇది, అబ్బయ్యా, నువ్వే వేసి చూడు.

"ఒప్పుకుంది" అన్నావే, ఆ మాట దగ్గర కూడా ఆగాల. 2021 జూన్ నివేదికలో అమెరికా ఇంటెలిజెన్స్ వాళ్లు ఆకాశంలో ఏమిటో తెలియనివి కనిపించిన 144 సంఘటనలు తీసుకుని, ఒక్కదాన్నే గట్టిగా తేల్చగలిగారు, గాలిపోతున్న పెద్ద బెలూన్ అని. మిగతా 143కి తేల్చేంత సమాచారం లేదన్నారు. హద్దు తేలని పొలం ఫలానావాడిదని మనం రాస్తామా?

అమ్మణ్ణీ, నీ అనుమానం ఉత్తది కాదు. 1947లో అమెరికాలో రాస్‌వెల్ అనే ఊరి దగ్గర శకలాలు దొరికితే సైన్యం ముందు ఎగిరే పళ్లెం దొరికిందంది, మర్నాటికల్లా వాతావరణ బెలూన్ అంది. నిజం 1994లో గానీ చెప్పలేదు, అది సోవియట్ అణు పరీక్షల్ని కనిపెట్టడానికి ఎగరేసిన మోగల్ అనే రహస్య ప్రాజెక్టు బెలూన్ అని. దాచారు, నిజమే. దాచింది తమ గూఢచర్యాన్ని. 2024 మార్చిలో పెంటగాన్ ఆఫీసే పాత రికార్డులన్నీ తిరగేసి గ్రహాంతర సాంకేతికతకి ఆధారం లేదని తేల్చింది. తన లెక్కలు తానే ఆడిట్ చేసుకున్నట్టుందని నువ్వంటే నేనూ ఒప్పుకుంటా. అందుకే నాకు వాళ్ల తీర్పు కంటే కొలతలు కావాల, కెమెరా ఎక్కడుంది, ఎటు తిరిగింది, ఎంత దూరం అనేవి. నాసా బృందం మొత్తుకున్నది కూడా సరైన కొలతలు లేవనే.

మన దగ్గరా జరిగింది. లడఖ్ సరిహద్దులో మన సైనికులు 2012, 2013లో ఆకాశంలో వెలుగులు చూసి చైనా డ్రోన్లేమోనని నెలల తరబడి రాసుకున్నారు. బెంగళూరు ఖగోళ సంస్థ వాళ్లు పరికరాలతో పోయి చూస్తే అవి శుక్రుడూ గురుడూ. సైనికులు అబద్ధం చెప్పలేదు, టైమూ దిక్కూ రాసి పెట్టుకున్నారు కాబట్టే అది తేలింది.

వేసవి సెలవుల్లో రండి, మైపాడు బీచికి పోదాం. శ్రీహరికోట నుంచి రాత్రి రాకెట్టు ఉన్న రోజైతే ఇంకా మంచిది. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు, దాంతో ఎత్తు కొలవడం నేర్పిస్తా. రూళ్లు లేని నోటుపుస్తకం ఒకటి తెచ్చుకోండి, దిక్సూచి నా దగ్గరుంది.

మీ తాత