కథ బాగుంది, కానీ...

ఆ మధ్య ఒక హ్యారీ పాటర్ ఫ్యాన్ ఫిక్షన్ (అభిమానులు ఆ పాత్రలతో సొంతంగా రాసుకునే కథ అన్నమాట) పదకొండు చాప్టర్లు ఏకబిగిన చదివి, రాత్రి ఒంటిగంటకి కింద పెద్ద కామెంట్ పెట్టాను. హ్యారీ టీచర్ స్నేప్ నోట అలాంటి మాట రాదని, నాలుగో చాప్టర్లో చచ్చిపోయిన గుడ్లగూబ ఏడో చాప్టర్లో ఉత్తరం ఎలా పట్టుకొచ్చిందని, ఇలా ఎనిమిది పాయింట్లు. మంచి ఉద్దేశంతోనే రాశాను. రెండు రోజులకి నా కామెంట్ లేదు, వారానికి కథే లేదు. ఫ్యాన్ ఫిక్షన్‌లో తప్పులు చెప్పడం అసలు ఎక్కడ మొదలైంది, ఎప్పటినుంచి మర్యాద తక్కువ పని అయిపోయిందని అప్పుడు తవ్వడం మొదలుపెట్టాను.

ఇప్పటి పద్ధతులకి చాలావరకు మూలం స్టార్ ట్రెక్ అభిమానులు. అమెరికాలో ఆ అంతరిక్ష ఓడ సీరియల్ 1966లో మొదలైంది, 1967లోనే స్పాకనేలియా అనే ఫ్యాన్‌జైన్ (అభిమానులే తీసుకునే చిన్న పత్రిక) వచ్చేసింది. స్టెన్సిల్ కొట్టి, మన ఊళ్లలో సైక్లోస్టైల్ అనేవాళ్లమే, ఆ పద్ధతిలో తీసిన కాగితాలకి పిన్నులు కొట్టి పోస్టులో పంపేవారు. లాభం సంగతి లేదు, కాగితం, ఇంకు, పోస్టేజీ ఖర్చులు వస్తే చాలు. చదివినవాళ్లు ఎడిటర్‌కి ఉత్తరం రాసేవారు, దాన్నే ఎల్ఓసీ అనేవారు, లెటర్ ఆఫ్ కామెంట్ అన్నమాట. అందులో పొగడ్తా ఉండేది, కోపమూ ఉండేది, కానీ ఏది అచ్చు వేయాలో ఎడిటర్ చూసుకునేది (ఆ ఎడిటర్లలో ఆడవాళ్లే ఎక్కువ). పైగా తర్వాతి సంచిక వచ్చేసరికి నెలలు గడిచేవి. రాసినవాళ్లకి ఆ వేడి కాస్త చల్లారే టైమ్ దొరికేది. నాకైతే ఈ ఆలస్యమే అప్పటి విమర్శని సగం కాపాడిందనిపిస్తుంది.

1973లో పాలా స్మిత్ అనే ఎడిటర్ తన మెనేజరీ జైన్‌లో ఒక బుల్లి కథ వేసింది. దాంట్లో హీరోయిన్ మేరీ సూ. వయసు పదిహేనున్నర, ఆ నౌకాదళం మొత్తంలో అతి చిన్న లెఫ్టినెంట్. కెప్టెన్ కిర్క్ చూడగానే ప్రేమలో పడిపోయి, కాఫీ తెచ్చేలోపు కాస్త ఓడ చూసుకోమని ఆమెకి అప్పజెప్పి పోతాడు. ఆమె ఓడని ఏలి, అందరినీ కాపాడి, నోబెల్ శాంతి బహుమతి కూడా కొట్టేసి, చివరికి అందరూ చుట్టూ చేరి ఏడుస్తుండగా కన్నుమూస్తుంది. ఆమె పుట్టినరోజు ఆ ఓడలో ఇప్పటికీ జాతీయ సెలవు దినం! అప్పట్లో జైన్లకి వచ్చిపడుతున్న ఒకేరకం కథలన్నిటినీ ఒక్క దెబ్బతో ఉతికి ఆరేసిందన్నమాట, ఎవరి పేరూ ఎత్తకుండా. మన జరుక్ శాస్త్రి పేరడీలు చదివినవాళ్లకి ఈ కిటుకు కొత్తేమీ కాదు.

కానీ జోక్ అక్కడితో ఆగలేదు, మేరీ సూ ఒక తిట్టయి కూర్చుంది. కథలో కొత్త ఆడపాత్ర కాస్త తెలివిగా మాట్లాడితే చాలు, మేరీ సూ అని ముద్ర వేసేసేవారు. ఈ అభిమానుల మధ్య తిరిగి పరిశోధన చేసిన కమీల్ బేకన్-స్మిత్ 1992లో వచ్చిన తన పుస్తకంలో, ఆ ముద్రకి భయపడి కథల్లో ఆడపాత్రలు పెట్టడమే మానుకున్న రచయిత్రుల గురించి రాసింది. రచన బాగుపడాలని పుట్టిన విమర్శ రాసేవాళ్ల చెయ్యే కట్టేసిందంటే, దాని సంగతి ఇంక ఏం చెప్పాలి.

ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చింది, కాగితం, పోస్టేజీ ఖర్చులూ పోయాయి, ఎడిటరూ పోయింది. ఎడిటర్ చేసే పనిలో కొంత బీటా రీడర్ అనే మనిషి చేతికి వచ్చింది (సాఫ్ట్‌వేర్ వాళ్ల బీటా టెస్టింగ్ నుంచి తెచ్చుకున్న పేరే). కథ పోస్ట్ చేయకముందే తప్పులు ఏరే స్నేహితురాలు, అదీ రచయిత అడిగితేనే. అంటే విమర్శకి ఒక గది కట్టి తలుపేశారు.

తలుపు బయట మాత్రం గోలే. 1998లో ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ మొదలైంది, కథ కిందే రివ్యూ పెట్టె. రచయితలే ఆర్ అండ్ ఆర్ అని, అంటే చదివి రివ్యూ రాయండని బతిమాలేవారు. అయితే లాగిన్ అయ్యి రాసిన రివ్యూని తీసేసే వీలు చాలాకాలం రచయితకి ఉండేది కాదు. అక్కడ జనం విమర్శని రెండుగా విడదీసేవారు, పనికొచ్చేది కాన్‌క్రిట్, తిట్టు ఫ్లేమ్. 2006లో అక్కడే మై ఇమ్మోర్టల్ అనే హ్యారీ పాటర్ కథ మొదలైంది. అక్షరదోషాల పుట్ట, మొత్తం 44 చాప్టర్లు. చాప్టర్ మొదట్లో ఫ్లేమ్ చేయకండంటూ రచయిత అరవడం, కింద జనం ఇంకా రెచ్చిపోవడం. 2008లో సైట్ వాళ్లు దాన్ని తీసేశారు. అది కావాలని చేసిన వెటకారమా, నిజంగానే ఒక పిల్ల రాసిందా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. పిల్లే అయితే ఆ రివ్యూలు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

2009లో ఏఓత్రీ (ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్) వచ్చింది, అభిమానులే నడుపుకునే ఆర్కైవ్. 2010 డిసెంబర్‌లో అక్కడ కుడోస్ బటన్ పెట్టారు, శభాష్ అని చెప్పడానికి. ఒక నొక్కు, ఒక చిన్న గుండె బొమ్మ, అంతే. అదే కథకి రెండోసారి నొక్కితే, మీరు ఇక్కడ ఇప్పటికే కుడోస్ ఇచ్చేశారని నవ్వుమొహంతో చెప్తుంది. నచ్చలేదని చెప్పే బటన్ లేదు, నక్షత్రాలూ లేవు. కామెంట్ నచ్చకపోతే రచయిత తీసేయొచ్చు. ఊరికే రాసిపెడుతున్నారు, నచ్చకపోతే వెనక్కి పొండి అన్నది అక్కడ నడిచే మర్యాద. అడగందే తప్పులు చెప్పకూడదన్న మాట ఇప్పుడింత గట్టిగా వినిపించడానికి ఈ ఏర్పాటు కూడా ఒక కారణమని నా అనుమానం. కొత్తవాళ్లు సున్నితం అయిపోయారని పాతవాళ్లు గొణుగుతారు గానీ, పాతవాళ్లకి మధ్యలో ఎడిటర్ ఉండేదన్న సంగతి మర్చిపోతారు.

మన దగ్గర దారి వేరు. 2011లో వచ్చిన హిందీ సీరియల్, తెలుగులో చూపులు కలిసిన శుభవేళగా డబ్ అయింది చూడండి, దాని జంట మీద అభిమానులు కుప్పలు తెప్పలుగా కథలు రాశారు. కింద జనం గోల ఒకటే, తర్వాతి పార్ట్ ఎప్పుడు? ప్రతిలిపిలో తెలుగు సీరియల్స్ కింద కూడా ఐదు నక్షత్రాలు, సూపర్, నెక్స్ట్ పార్ట్ ప్లీజ్, ఇవే ఎక్కువ కనిపిస్తాయి. ఆ వరసలో ఎవరైనా మూడు నక్షత్రాలు ఇచ్చి కారణం రాస్తే, రచయిత కన్నా ముందు మిగతా పాఠకులే మీద పడతారు.

నేనిప్పుడు ముందు అడుగుతున్నాను. కథ నచ్చింది, రెండు మూడు చోట్ల ఆగాను, చెప్పమంటారా అని ఒక్క లైను. జవాబు రాకపోతే ఊరుకుంటాను. మొన్న ఒకమ్మాయి మాత్రం పది నిమిషాల్లోనే జవాబు ఇచ్చింది. "తప్పకుండా చెప్పండి అక్కా, కానీ ఇక్కడ వద్దు, మెయిల్ చేయండి."