ఇంజిన్ ఆగినా విమానం ఎగురుతూనే ఉంటుంది

చిన్న విమానానికి గాల్లో ఇంజిన్ ఆగిపోతే రాయిలా కింద పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. విమానాన్ని మోసేది రెక్కల మీదుగా పోయే గాలి, ఇంజిన్ ఆగినా ముక్కు కాస్త దించితే ఎత్తు తగ్గుతూ ఆ గాలివేగం నిలుస్తుంది. సెస్నా 172 అనే చిన్న విమానాన్నే తీసుకోండి, ఇంజిన్ ఆగాక ఒక మీటరు కిందికి దిగే లోపు దాదాపు తొమ్మిది మీటర్లు ముందుకు పోతుంది. అంటే 1000 మీటర్ల ఎత్తులో ఇంజిన్ ఆగితే, ఎదురుగాలి లేకుంటే, సుమారు 9 కిలోమీటర్లు వెళ్లొచ్చు, చేతిలో నాలుగు నిమిషాలకు పైగా టైముంటుంది. కానీ గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగం పట్టుకుని ఉంటేనే ఈ లెక్క. ఇంకాస్త దూరం వస్తుందని ముక్కు ఎత్తారా, వేగం పడిపోయి ఉన్న దూరం కూడా తగ్గిపోతుంది.

ఇంజిన్ ఎందుకు ఆగుతుందంటే, ఇంధనం అయిపోవడమో, అందులో నీళ్లు చేరడమో, ఒక ట్యాంకు ఖాళీ అయినా రెండోదానికి మార్చకపోవడమో, ఇలాంటివే ఎక్కువ. వీటన్నిట్లో కొత్తవాళ్లు నమ్మలేనిది కార్బ్యురేటర్‌లో, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే భాగంలో, మంచు. బయట 20 డిగ్రీలున్నా, గాల్లో తేమ ఎక్కువగా ఉంటే, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు లోపల చలి పుట్టి గాలి దారిలో మంచు పేరుకుంటుంది. ముందు ఇంజిన్ వేగం మెల్లగా తగ్గుతుంది, అంతే. వేడిగాలి లోపలికి పంపే నాబ్ లాగితే మంచు కరిగిన నీళ్లు ఇంజిన్‌లోకి పోయి కాసేపు ఇంకా ఎక్కువ దడదడలాడుతుంది, ఆ టెన్షన్‌లో నాబ్ వెనక్కి తోసేయాలనిపిస్తుంది. తోయకూడదు. ఆ వేడి వచ్చేది పొగగొట్టం నుంచే కాబట్టి ఇంజిన్ పూర్తిగా ఆగి చల్లబడ్డాక లాగినా పెద్దగా ఉపయోగం ఉండదు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగడం. వెనకే రన్‌వే ఉంది కదా, తిరిగి అక్కడికే వెళ్దామని ఎవరికైనా అనిపిస్తుంది, ప్రాణాలు పోయేది కూడా చాలాసార్లు అక్కడే. రన్‌వేకి సరిగ్గా ఎదురు రావాలంటే సగం చుట్టు చాలదు, ఇంకా ఎక్కువ తిరగాలి. ఎత్తు పోకుండా 45 డిగ్రీలు ఒరిగి తిరిగితే, విమానం గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకైతే 41 శాతం. ఉన్న వేగం అంతకన్నా తగ్గితే స్టాల్, అంటే రెక్కలు ఎత్తు నిలపలేవు, తేరుకోవడానికి కింద ఎత్తే మిగలదు. అందుకే తక్కువ ఎత్తులో ఉంటే ముందుకే, కాస్త అటో ఇటో ఖాళీ చూసుకుని దిగమని నేర్పుతారు.

ఆ ఖాళీ రన్‌వేలా ఉండక్కర్లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నేలను తాకిన విమానం సమానంగా వేగం తగ్గుతూ మూడు మీటర్లలో ఆగినా లోపలివాళ్లు తట్టుకోగలరు, భుజాల బెల్టు పెట్టుకుని ఉంటే. పొదలు, పైరు ఆ పని చేసిపెడతాయి, రెక్కలు విరిగినా విరగనివ్వాలి. ఎదురుగాలిలోకి దిగడం కూడా ఇందుకే, నేలను తాకే వేగం తగ్గుతుంది, గుద్దుకునే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది మరి. పైనుంచి కరెంటు తీగలు కనిపించవు, స్తంభాలు చూసి తీగ ఎటు పోతోందో ఊహించుకోవాలి. ఇక నేల తాకే ముందు ఇంధనం వాల్వ్ మూసేసి, మెయిన్ స్విచ్ ఆపేసి, తలుపులు కొద్దిగా తెరిచి ఉంచుతారు, దెబ్బకి బాడీ వంగిపోతే మూసి ఉన్న తలుపు మళ్లీ తెరుచుకోకపోవచ్చు.