అలర్జీ షాక్ వస్తే రక్తపరీక్ష కోసం ఆగకండి: అపోహలు - వాస్తవాలు

మామిడి కోతల రోజుల్లో చిత్తూరు వైపు తోటల నుంచి కందిరీగలు కుట్టినవాళ్ళు తిరుపతిలో మా ఎమర్జెన్సీకి వస్తూనే ఉంటారు. ఒకాయన్ని ఆటోలో ఇద్దరి మధ్య నిటారుగా కూర్చోబెట్టి తెచ్చారు. చెమటలు, పై బీపీ 70, మణికట్టు దగ్గర నాడి అందడం లేదు, ఒంటి మీద మాత్రం ఒక్క దద్దురు లేదు. "సామీ, ముందు రక్తం పరీక్ష చేసి ఏం విషమో చూడండి" అంది వాళ్ళమ్మ. ఆమెను తప్పుపట్టలేను, బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇదే అడుగుతారు.

అపోహ: దద్దుర్లు రాలేదంటే అలర్జీ కాదు.
వాస్తవం: తీవ్రమైన అలర్జీల్లో, అంటే అనాఫిలాక్సిస్‌లో, 10 నుంచి 20 శాతం మందికి చర్మం మీద ఏమీ కనిపించదు.

అపోహ: రక్తం కారలేదు కదా, బీపీ ఎందుకు పడిపోతుంది?
వాస్తవం: ఇదే అందరికీ అంతుపట్టని విషయం. తోటలో డ్రిప్ పైపుకి నిలువునా చిల్లులు పడ్డాయనుకోండి, మోటారు ఆడుతూనే ఉంటుంది, చివరి చెట్టుకి మాత్రం నీళ్ళు అందవు. అలర్జీలో రెచ్చిపోయే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల నుంచి హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా బయటికొచ్చి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, లోపలి గోడలో కణానికీ కణానికీ మధ్య సందులు తెరుస్తాయి, ఆ సందుల్లోంచి రక్తంలోని నీరు చుట్టూ ఉన్న కణజాలంలోకి జారిపోతుంది. పది నిమిషాల్లో 35 శాతం దాకా పోవచ్చు, ఒక్క చుక్క నేల మీద పడకుండానే. అందుకే ఇలాంటప్పుడు మనిషిని లేపి కూర్చోబెట్టడం, నడిపించడం ప్రమాదం, గుండెకి తిరిగి వచ్చే ఆ కాస్త రక్తం కూడా కాళ్ళలో ఆగిపోతుంది. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టండి. ఆయాసంగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి, వాంతులవుతుంటే పక్కకి తిప్పండి.

అపోహ: అవిల్ ఇంజెక్షన్ వేయించాం, ఇంక టెన్షన్ లేదు.
వాస్తవం: అవిల్ హిస్టమిన్‌ను అడ్డుకునే మందు, దురద తగ్గిస్తుంది, కారుతున్న నాళాలను మాత్రం ఆపలేదు. ఆ పని చేసేది అడ్రినలిన్, పెద్దవాళ్ళకి అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలో, తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాలకి ఇంకోటి. ఖరీదైన మందేం కాదు, చిన్న ఆంపుల్. గుండెకి ఏమవుతుందోనని దీన్ని వేయడానికి జంకే డాక్టర్లు ఇంకా ఉన్నారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

రక్తంలో ఐజీఈ (అలర్జీలో పాత్ర ఉండే యాంటీబాడీ) ఎక్కువుంటే షాక్ వస్తుంది, తక్కువుంటే రాదు అనుకోవడం కూడా తప్పే, మొత్తం ఐజీఈ అంకె ఆ సంగతి చెప్పలేదు.

అపోహ: రిపోర్టు వస్తేనే వైద్యం మొదలుపెట్టాలి.
వాస్తవం: లక్షణాలు చూసి వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ వేయాల్సిందే, పరీక్ష తర్వాతి మాట. హిస్టమిన్ గంటలోపే రక్తంలోంచి మాయమవుతుంది, కాబట్టి మేం చూసేది ట్రిప్టేస్, అదీ మాస్ట్ కణాలు వదిలే ఎంజైమే. అది గంట, గంటన్నరకి గరిష్ఠానికి చేరి కొన్ని గంటలు నిలుస్తుంది. తిండి వల్ల వచ్చిన షాక్‌లో చాలాసార్లు ఇది పెరగనే పెరగదు. ఇంకో తిరకాసు, ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు, పూర్తిగా కోలుకున్నాక, కనీసం 24 గంటలు గడిచాక ఇంకో నమూనా తీయాలి. ఈ రెండో అంకెను 1.2తో గుణించి 2 కలిపితే వచ్చేదాన్ని మొదటి అంకె దాటితే మాస్ట్ కణాలు రసాయనాలు వదిలినట్టే. రెండో అంకె కూడా బాగా ఎక్కువగా ఉంటే మాస్ట్ కణాల జబ్బేమైనా ఉందేమో వెతకాలి.

ఆటోలో వచ్చినాయన రెండో ఇంజెక్షన్‌కి, సెలైన్‌కి తేరుకున్నాడు. మొదటి ట్రిప్టేస్ రిపోర్టు 9.5 వచ్చింది. పక్కన గరిష్ఠ పరిమితి 11.4 అని అచ్చేసి ఉంది కాబట్టి "ఇది అలర్జీ కాదంట, ఎండదెబ్బంట" అని వాళ్ళ తమ్ముడు ఊరంతా చెప్పేశాడు. తర్వాత తీసిన నమూనాలో 4.5. లెక్క వేస్తే ఆయన విషయంలో దాటాల్సిన హద్దు 7.4 దగ్గరే ఉంది. మొదటి కాగితం మీద మాత్రం ఇప్పటికీ 'నార్మల్' అనే ఉంది.